పాత వెర్షన్ వచ్చింది, మార్కులు పోయాయి

లైనక్స్‌లో ఫలానా ప్రోగ్రాం పాత వెర్షన్ ఎలా పెట్టుకోవాలని ఎవరైనా ఫోన్ చేస్తే, కమాండ్ చెప్పే ముందు నేనొకటి అడుగుతాను. ఆ ప్రోగ్రాం దాచుకున్న డేటాకు కాపీ తీశారా? తీసిన కాపీని వేరే మెషీన్‌లో ఎక్కించి చూశారా? చాలామందికి విసుగొస్తుంది. వాళ్లకు కావలసింది ఒక్క లైను. 2023లో నాక్కూడా కావలసింది ఆ ఒక్క లైనే. దానివల్ల ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్లంతా అప్పటికే ఎక్కించిన మార్కుల్ని మళ్లీ మొదటి నుంచి టైపు చేయాల్సి వచ్చింది.

నేనుండేది శామీర్‌పేటలో. మేడ్చల్ రోడ్డు మీదున్న ఆ కాలేజీకి కంప్యూటర్ల పని చూసిపెట్టేవాణ్ని. తూప్రాన్ వైపు నుంచీ, అలియాబాద్, మూడుచింతలపల్లి నుంచీ బస్సుల్లో వచ్చే పిల్లలు. యూనిట్ టెస్టు అయ్యాక మార్కులు ఎక్కిస్తే సెక్షన్లవారీగా ర్యాంకుల జాబితా ఇచ్చే చిన్న ప్రోగ్రాం అక్కడ ఉండేది. ఎవరో ఎప్పుడో పీహెచ్‌పీలో రాసిచ్చి వెళ్లారు. డేటా అంతా మైఎస్‌క్యూఎల్ 5.7లో, దాని కింద ఉబుంటు 18.04.

2023 మే నెలాఖరుతో 18.04కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉన్న మెషీన్‌ను అలా వదిలేయకూడదని కాలేజీ తెరిచాక 20.04కు మార్చాను. మార్చడంలో తప్పు లేదు. మార్చే ముందు డేటాబేస్ డంప్, అంటే డేటా మొత్తానికి కాపీ, తీయలేదు. అదే తప్పు. అప్‌గ్రేడ్ అడిగిన ప్రతిదానికీ ఎంటర్ కొట్టుకుంటూ పోయాను. రీస్టార్టయ్యాక లాగిన్ పేజీ తెరుచుకుంది, మార్కులు ఎక్కించే పేజీ పనిచేసింది. ర్యాంకుల పేజీ మాత్రం నొక్కి చూడలేదు.

టెస్టు జరిగింది, మార్కులు ఎక్కాయి. ర్యాంకులు తీయబోతే తెల్లటి పేజీ మీద ఒక్క ఎర్రర్. సింటాక్స్ తప్పు, 'ర్యాంక్' అన్న చోట చూసుకో అని. అప్‌గ్రేడ్‌తో పాటే మైఎస్‌క్యూఎల్ 5.7 కాస్తా 8.0 అయిపోయింది. 8.0లో విండో ఫంక్షన్లు వచ్చాయి. వరుసలకు ర్యాంకు లెక్కకట్టే ఫంక్షన్ పేరే ర్యాంక్ కావడంతో, ఆ మాటను భాష తన సొంతానికి రిజర్వు చేసుకుంది. మా టేబుల్‌లో కాలమ్ పేరూ అదే. ఆ కాలమ్ పేరుకు అటూ ఇటూ బ్యాక్‌టిక్ గుర్తులు పెడితే సమస్య అక్కడితో తీరేది. కోడ్‌లో నాలుగైదు చోట్ల మార్చే పని.

అది నాకు ఆ రోజు తట్టలేదు. ఎర్రర్‌ను చదివాను గానీ అర్థం చేసుకోవడానికి కూర్చోలేదు. ప్రిన్సిపాల్ గారు అంతకుముందే చెప్పి వెళ్లారు: "శనివారం పేరెంట్స్ వస్తరు. ర్యాంకులు బోర్డు మీద ఉండాలె." నా బుర్రలో తిరిగింది ఒకటే. నిన్నటిదాకా 5.7లో బాగానే నడిచింది కదా, 5.7ను తెచ్చిపెడితే సరిపోతుంది.

ఉబుంటులో పాత వెర్షన్ పెట్టడం పెద్ద విద్యేమీ కాదు. ఆప్ట్-క్యాష్ పాలసీ అని అడిగితే మన రిపాజిటరీల్లో ఏయే వెర్షన్లున్నాయో చూపిస్తుంది. కావలసింది అందులో ఉంటే ప్యాకేజీ పేరు పక్కన ఈక్వల్ గుర్తు పెట్టి వెర్షన్ నంబరు రాసి ఇన్‌స్టాల్ చేయొచ్చు. నాకు అన్నీ 8.0లే కనిపించాయి. 20.04 రిపాజిటరీలో 5.7 ఉండదు మరి. 18.04 అడ్రసును సోర్సెస్ జాబితాలో కలిపాను. డిపెండెన్సీలు కుదరడం లేదని ఆప్ట్ మొరాయించింది. అది మొరాయించినప్పుడైనా ఆగాల్సింది. పాతదాని ఆనవాళ్లేవో అడ్డుపడుతున్నాయనుకుని 8.0ను రిమూవ్ చేయడం మాని పర్జ్ చేశాను.

రిమూవ్ అంటే ప్రోగ్రాం పోతుంది, సెట్టింగులు ఉంటాయి. పర్జ్ అంటే సెట్టింగులు కూడా పోతాయి. డేటాబేస్ సర్వర్ విషయంలో మాత్రం పర్జ్ మధ్యలో ఆగి ఇంకో ప్రశ్న అడుగుతుంది. తెర మధ్యలో ఒక పెట్టె, అందులో రెండు మూడు లైన్లు: మైఎస్‌క్యూఎల్ డేటాబేసులున్న డైరెక్టరీని తీసేయబోతున్నాం, అన్నీ తీసేయమంటారా? కింద ఎస్, నో. కర్సర్ నో మీదే ఉంది. ట్యాబ్ నొక్కి ఎస్ మీదికి తెచ్చింది నేనే. 8.0 తాలూకు ఫైళ్లు పోతాయి, 5.7 తన ఫైళ్లు తాను చదువుకుంటుందనుకున్నాను. 5.7 ఫైళ్లు అంటూ విడిగా ఏవీ లేవు. ఉన్నది ఒకే ఫోల్డర్, కాలేజీ మొత్తానికీ అదొక్కటే.

తర్వాత 5.7 చక్కగా ఇన్‌స్టాలయింది, స్టార్టయింది. డేటాబేసుల జాబితా అడిగితే దాని సొంత సిస్టం డేటాబేసులు తప్ప మరేమీ లేవు.

ఇక్కడ ఒక మాట విడిగా చెప్పాలి. నేను నో నొక్కి ఉన్నా నా పథకం పారేది కాదు. 8.0 ఒకసారి డేటా ఫోల్డర్‌ను అప్‌గ్రేడ్ చేశాక 5.7 దాన్ని తెరవలేదు. 5.7లో ఒక్కో టేబుల్ నిర్మాణం ఒక్కో ఎఫ్ఆర్ఎం ఫైల్‌లో ఉంటుంది. 8.0 ఆ ఫైళ్లను ఎత్తేసి, ఆ వివరాలన్నీ తన లోపలి డేటా డిక్షనరీలోకి మార్చుకుంటుంది. 8.0 నుంచి 5.7కు దిగడానికి మద్దతు లేదనీ, అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన బ్యాకప్‌ను ఎక్కించుకోవడమే దారి అనీ మైఎస్‌క్యూఎల్ మాన్యువల్‌లోనే రాసి ఉంది. అంతా అయిపోయాక చదివాను. ఒక్క మైఎస్‌క్యూఎల్ సంగతే కాదిది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో కొత్త మేజర్ వెర్షన్ డేటా ఫోల్డర్‌ను పాతది ముట్టుకోదు. ఫైర్‌ఫాక్స్ కూడా 2019లో వచ్చిన 67వ వెర్షన్ నుంచి, కొత్తది వాడిన ప్రొఫైల్‌ను పాతదానితో తెరవబోతే అడ్డుకుంటోంది.

నా దగ్గరున్న చివరి డంప్ అంతకుముందు టెస్టు కంటే పాతది. ప్రిన్సిపాల్ గారికి సర్వర్ క్రాష్ అయిందని చెప్పాను. అబద్ధం. సర్వర్ దానంతటది ఏమీ చేయలేదు. లెక్చరర్లు జవాబు పత్రాలూ రిజిస్టర్లూ ముందేసుకుని ల్యాబ్‌లో కూర్చున్నారు. పేపర్లు పిల్లలకు ఇచ్చేసిన సెక్షన్లలో వాటిని ఇళ్ల నుంచి మళ్లీ తెప్పించారు. మ్యాథ్స్ మేడం మధ్యలో లేచి, చంటిపిల్లను ఈ పూటకు అత్తమ్మ దగ్గరే ఉంచమని ఇంటికి ఫోన్ చేసి, వచ్చి మళ్లీ కూర్చున్నారు. నేను పక్క కుర్చీలో ఉన్నాను. ఎవరూ నన్నొక్క మాట అనలేదు, వాళ్లకు తెలియదు కాబట్టి. శనివారానికి ర్యాంకులు బోర్డు ఎక్కాయి, బ్యాక్‌టిక్‌లు పెట్టిన కోడ్‌తో, మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన 8.0 మీదే. పాత వెర్షన్ అవసరమే పడలేదు.

తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ ల్యాబులో పనిచేసే తమ్ముడొకడు ఉన్నాడు నాకు, వరసకు. వాళ్ల దగ్గర మెషీన్లకు కలిపి ఉన్న కంప్యూటర్లలో ఏళ్లనాటి వెర్షన్లు చూసి, అప్‌డేట్ చేయరేంట్రా అని ఇదివరకే అడిగాను. మందుల రంగంలో సాఫ్ట్‌వేర్‌ను వ్యాలిడేట్ చేసి పెట్టుకుంటారు. ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అమెరికా వాళ్లు 1997లో తెచ్చిన నిబంధనలు, పార్ట్ 11 అంటారు, అమెరికాకు ఎగుమతి చేసే కంపెనీలకు కంఠతా. వెర్షన్ మారిస్తే ఎందుకు మారుస్తున్నారో, డేటాకు ఏమవుతుందో, చెడితే వెనక్కి ఎలా వస్తారో ముందే కాగితం మీద పెట్టాలి. జరిగినదంతా వాడికి చెబితే వాడన్నాడు: "పాత ప్రోగ్రాం యాడనైనా దొరుకుతది అన్నా. పాత డేటా యాడికెల్లి తెస్తవ్?"

ఇప్పుడు పాత వెర్షన్ నిజంగా కావాలంటే, నడుస్తున్నదాన్ని కదపను. ముందు డంప్. ఆ తర్వాత డాకర్ కంటైనర్‌లో పాత వెర్షన్‌ను వేరే ఫోల్డర్‌తో, వేరే పోర్టు మీద లేపి, డంప్‌ను అందులో ఎక్కిస్తాను. 8.0 డంప్ 5.7లో ఎక్కేటప్పుడు కొలేషన్ పేరు తెలియదని ఆగిపోవచ్చు. అది కూడా కంటైనర్‌లోనే తేలిపోతుంది, అసలు డేటా చెక్కుచెదరదు. సరైన వెర్షన్ పెట్టాక ఆప్ట్-మార్క్ హోల్డ్ వేస్తాను, తర్వాతి అప్‌డేట్ దాన్ని చడీచప్పుడు లేకుండా పైకి లాగేయకుండా. హోల్డ్ వేసిన తేదీ, కారణం ఒక కాగితం మీద రాసి మెషీన్‌కు అంటిస్తాను. హోల్డ్ వేసిన సంగతి మర్చిపోతే సెక్యూరిటీ సవరణలూ ఆగిపోతాయి. 5.7కు ఒరాకిల్ మద్దతు కూడా 2023 అక్టోబరుతోనే ముగిసింది, కాబట్టి దాన్ని బయటి నెట్‌వర్క్‌కు చూపించను.

స్టాఫ్ రూంలో నిజం చెప్పడానికి నాకు దసరా సెలవులు దాటాయి. పర్జ్ అంటే ఏమిటో, ఏ ప్రశ్నకు ఎస్ కొట్టానో అన్నీ చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మ్యాథ్స్ మేడమే అడిగారు, ఇప్పుడు రోజూ కాపీ తీస్తున్నారా అని. తీస్తున్నానన్నాను. "తీసిన కాపీలో మా సెక్షన్ మార్కులు సరిగ్గా ఉన్నయో లేదో ఎవరు చూస్తున్నరు సార్?" అన్నారు. ఎవరూ చూడటం లేదు. ఆ వారం నుంచి, శనివారం శనివారం డంప్‌ను ల్యాబ్‌లోని విడి మెషీన్‌లో ఎక్కించి, ఒక సెక్షన్ జాబితా ప్రింటు తీసి మేడంకు ఇస్తున్నాను. ఆవిడ రిజిస్టర్ పక్కన పెట్టుకుని ఒక్కో నంబరూ సరిచూసి, కింద సంతకం పెట్టి ఇస్తారు.