రామ్ రామ్ సార్!

పులిని చూపిస్తానని మా వాడికి మాటిచ్చి ఏడాదైంది. కరీంనగర్‌లో ఉంటూ కవ్వాల్ చూడకపోవడం ఏమిటని ఆఫీసులో వాళ్లూ దెప్పుతున్నారు. ఎట్టకేలకు మార్చి మొదటి శనివారం కుదిరింది. నేను, మా ఆవిడ, ఐదో తరగతి చదివే మా అబ్బాయి... ముగ్గురమే అనుకున్నాం. తీరా కారు తీసే వేళకు చేతిసంచీతో బాపు గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను గూడ వస్తరా!"

నాకు ఆశ్చర్యమేసింది. బాపు ఉద్యోగంలో చేరింది ఆ అడవిలోనే. 1978లో, జన్నారం నుంచి చాలా లోపలికున్న ఓ గోండు గూడెంలో ఒకే పంతులున్న బడి. వానాకాలంలో వాగు పొంగితే దారి ఉండదు. చలిజ్వరమొస్తే మందు ఉండదు. మైదానం నుంచి వెళ్లే ఉద్యోగులకు అడవి పోస్టింగంటే 'పనిష్‌మెంట్' కిందే లెక్క. రెండేళ్లు తిరక్కుండానే పైరవీ చేయించుకుని మంచిర్యాలకు వచ్చేశాడు. అక్కడే రిటైరయ్యాడు. ఇన్నేళ్లలో మళ్లీ ఒక్కసారి కూడా ఆ వైపు వెళ్లలేదు.

ధర్మారం దాటి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. 2016లో ఈ భాగం మంచిర్యాల జిల్లా అయింది గానీ బాపు నోట ఇంకా ఆదిలాబాదే. లక్సెట్టిపేట, దండేపల్లి మీదుగా జన్నారం చేరేసరికి మధ్యాహ్నమైంది. బస్టాండు దగ్గర భోజనం చేసి, టూరిజం వాళ్ల గదుల్లో సామాను పడేసి, అటవీ శాఖ జీపెక్కాం.

డ్రైవరు పాతికేళ్ల గోండు కుర్రాడు. బాపును చూడగానే రెండు చేతులూ జోడించి "రామ్ రామ్ సార్" అన్నాడు. బాపు ఒక్క క్షణం తడబడి, తలూపి ఊరుకున్నాడు.

కవ్వాల్ 1965లోనే అభయారణ్యం. 2012లో పులుల రిజర్వు అయింది. పులి కోసం కేటాయించిన లోపలి భాగమే దాదాపు 892 చదరపు కిలోమీటర్లు. ఎటు చూసినా టేకు. మార్చి కదా, ఆకులు రాలి కొండలు బోసిగా ఉన్నాయి. అక్కడక్కడా మోదుగు పూలు మాత్రం నిప్పు రాజేసినట్లు ఎర్రగా ఉన్నాయి. మచ్చల జింకల గుంపు ఒకటి దారి దాటింది. కుంట ఒడ్డున రెండు నీల్గాయిలు నీళ్లు తాగుతూ కనిపించాయి. అడవిదున్న అడుగులు చూపించాడు డ్రైవరు. పులి మాత్రం లేదు.

"అన్నా, అసలు ఇక్కడ పులి ఉందా?" అడిగేశాడు మా వాడు.

"వస్తయ్, పోతయ్. మహారాష్ట్రల తడోబా ఉన్నది సూడు, ఆడికెల్లి నడుసుకుంట వస్తయ్. ఇక్కడ నిలవాల్నంటే వాటికి మనుషుల అలికిడి ఉండొద్దు. గందుకే మైసంపేట, రాంపూర్ ఊళ్లను బయటికి తీస్కపోయిండ్రు."

2024లో ఆ రెండు ఊళ్లనూ కడెం వైపు తరలించిన సంగతి పేపర్లో చదివాను. కొందరికి డబ్బు, కొందరికి ఇల్లూ భూమీ ఇచ్చారు. చదివి పేజీ తిప్పేశాను.

"మీవాళ్లెవరైనా వెళ్లారా?" అడిగింది మా ఆవిడ.

"మా మేనమామోళ్లు పోయిండ్రమ్మా. అక్కడ రోడ్డున్నది, దవాఖాన దగ్గరయింది, పిల్లలకు మంచిదే. కని ఇప్పపువ్వు రాలే కాలం వస్తే మా మామకు రాత్రిళ్లు నిద్ర పట్టదు."

"పులి కోసం వాళ్లు వెళ్లిపోయారు... మరి పులి ఉండట్లేదు కదా!" అన్నాడు మా వాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. పులికి చోటు కావాలి, నిజమే. ఆ చోటు ఎవరిదన్నది మాత్రం నేను అంతవరకూ ఆలోచించలేదు.

రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చున్నాం. చాలాసేపటి తర్వాత బాపు నోరు విప్పాడు.

"మార్లవాయి పేరు విన్నవా? హైమన్‌డార్ఫ్ దొర ఉన్న ఊరు."

విన్నాను. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండుల గోడేమిటో తెలుసుకోవడానికి నిజాం సర్కారు పంపిన మానవశాస్త్రవేత్త. భార్య ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. గోండి పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు మొదలవ్వాలని బడులు పెట్టించాడు. ఎలిజబెత్ సమాధి ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది.

"ఆయనది ఆస్ట్రియా. వచ్చి గోండి నేర్సిండు. నాది గోదారి ఇవతలి ఊరే. రెండేండ్లుండి నాలుగు ముక్కలు నేర్వలే. పొద్దుగాల పిల్లలు 'రామ్ రామ్ సార్' అంటే, 'అట్ల గాదు, నమస్తే అనాలె' అని బెత్తం సూపెట్టేటోణ్ని." కాసేపాగాడు. "నాకు అది శిచ్చ అనుకున్న. వాళ్లకు ఇల్లని నాకు సమజ్ కాలె. నేను పోయినంక ఏడాది దాకా ఆ బడికి ఇంకో సారు రాలేదట."

ఏమనాలో తోచలేదు. "రేపు మీ గూడెం వెళ్దామా బాపూ?" అన్నాను.

"రేపు ఐతారం. బడి ఉండదు" అని లేచి పడుకున్నాడు.

తెల్లారి కడెం ప్రాజెక్టు చూశాం. కట్ట మీద నిలబడి మా వాడు గేట్లు లెక్కపెట్టి, 18 అని తేల్చాడు. పులి బెంగ కొంచెం తీరినట్లే ఉంది. వెనక్కి వచ్చి గదులు ఖాళీ చేస్తుంటే, ముందురోజు డ్రైవరు ఎదురొచ్చాడు. అతను చేతులెత్తేలోపే బాపు రెండు చేతులూ జోడించాడు.

"రామ్ రామ్."

కుర్రాడు నవ్వాడు. "రామ్ రామ్ సార్. మళ్ల రాండ్రి."

కారు గోదావరి వంతెనెక్కాక మా వాడు వెనక సీట్లోంచి అడిగాడు... "తాతా, మళ్లీ ఎప్పుడొద్దాం?"

బాపు కిటికీలోంచి నీళ్లవైపు చూస్తూ అన్నాడు.

"జూన్‌ల... బడులు తెరిసినంక."