జేజి, దాదీ

ఆదివారం సాయంత్రాలు మేం నలుగురైదుగురం హైదరాబాదులో ఒక మిత్రుడింట్లో కూచుని చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. ఆ వారం గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ వంతొచ్చింది.

సీతారామారావుకి తండ్రి పోతూపోతూ అప్పజెప్పింది వంశ ప్రతిష్ఠ. దాన్ని నిలబెట్టడానికి ఆస్తంతా పోగొట్టుకుంటాడు. చేతగానితనానికి మంచితనమని పేరు పెట్టుకుంటాడు. అన్నీ పోయాక తప్పు లోకానిదంటాడు. అతను అబద్ధాలకోరు కాడు. తను అల్లుకున్నదాన్ని తనే నమ్ముతాడు. ఆత్మవంచన అంటే అదే కదా అని నేను చాలాసేపు మాట్లాడాను.

మాలో ఒక లెక్చరరు, ‘‘ఇది ఆస్తిపరుల జబ్బు. మనలాంటోళ్లకు వంశమెక్కడిది నిలబెట్టడానికి?’’ అన్నాడు. అందరం నవ్వాం. చాయ్ అందిస్తూ మిత్రుడు మామూలుగానే అడిగాడు, ‘‘ఇంతకూ మీ ఖాందాన్ ఏది భాయ్?’’

‘‘సయ్యద్‌లం’’ అన్నాను. తడుముకోను కూడా లేదు.

మేం సయ్యద్‌లం కాదు. దూదేకులవాళ్లం. కర్నూలు జిల్లాలో ఒక పల్లెలో మా తాత విల్లు భుజానేసుకుని ఇల్లిల్లూ తిరిగి దూది ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. ఇంట్లో మాట తెలుగే. చిన్న సర్కారు కొలువు దొరికి అబ్బా టౌనుకొచ్చాక మా వంశం మారిపోయింది. మా పెద్దలు అరబ్బు దేశం నుంచి వచ్చారన్నాడు. ఇంట్లో తెలుగు బందయింది. ‘జేజీ’ అని పిలిస్తే దెబ్బలు పడేవి, ‘దాదీ’ అనాలి. ఆ ముసలమ్మ దాదీ అంటే తననేనని తెలియక పలికేది కాదు. ఇవాళ నాకు అన్నం పెడుతున్న ఉర్దూ నాకు అట్లా వచ్చింది.

అన్నకు ఇంజనీరింగు సీటు వేళ, దూదేకులవాళ్లు బీసీ-బిలో ఉన్నారు, సర్టిఫికెట్ తెచ్చుకోండి అని ఎవరో చెప్పారు. ‘‘సయ్యద్ కొడుకు పింజారీ అని రాయించుకుంటాడా?’’ అన్నాడు అబ్బా. అన్న మెకానిక్ షెడ్డులో చేరాడు. అబ్బా మాత్రం పోయేదాకా గవర్నమెంటునే తిట్టాడు.

అబ్బాను తప్పుపట్టడం తేలిక. తెలుగులో మా పేరే ఒక తిట్టు. హిందువులకు మేం సాయిబులం, సాయిబులకు దూదేకులోళ్లం. పిల్లనిచ్చేవేళ ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అట్లాంటి చోట ఆ మనిషి తాత పరుపు కుట్టినట్టే ఒక వంశాన్ని కుట్టుకున్నాడు. దానిమీదే నిద్రపోయాడు.

మరి నేను? అబ్బా నమ్మాడు. నేను నమ్మను. ఇరవై ఏళ్లుగా కులవివక్ష మీద వార్తలు రాస్తున్నాను. నన్ను అడిగినవాడు పెళ్లిచూపులకు రాలేదు, పుస్తకాల దోస్తు. అయినా ఆత్మవంచన గురించి అంతసేపు మాట్లాడిన నోటితోనే ఆ మాటన్నాను.

ప్రశ్నించడం నేర్పినందుకు గోపీచంద్ ఆ నవలను తన తండ్రికి అంకితమిచ్చాడు. మా అబ్బా మమ్మల్ని ప్రశ్న అడగనియ్యలేదు. జవాబు ఆయనకు తెలుసు గనకనే భయపడ్డాడేమో.

మళ్లీ ఆదివారం, పుస్తకం తెరవకముందే చెప్పేశాను. ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. లెక్చరరు మాత్రం కాసేపు ఊరుకుని, తన ఇంటిపేరు ఎప్పుడు, ఎందుకు మారిందో చెప్పడం మొదలుపెట్టాడు.