ఆడపడుచు వ్రాలు

మా నాయనగారు స్వర్గస్థులైన మూడవ మాసమున మా యన్నయ్య యొక కాగితముల కట్టతో మా యింటికి వచ్చెను. కాఫీ పుచ్చుకొని, బడిపంతులైన మా వారితో పిల్లల చదువులు ముచ్చటించి, పిమ్మట నా వంక తిరిగి, "చెల్లాయీ, రేపు రిజిష్ట్రారు కచేరికి ఒక్కమారు రావలెనమ్మా. అమ్మయు వచ్చును. ఒక్క వ్రాలు చేసిన చాలును" అనెను.

అది హక్కు విడుదల దస్తావేజు. పిత్రార్జితమైన నాలుగున్నర యకరముల మాగాణిలో అమ్మకును నాకును గల హక్కును మేము ఇష్టపూర్వకముగ వదలుకొనుచున్నట్లు అందు వ్రాయబడియుండెను.

సోదరీమణులారా, నేను బడిలో చదివినది తక్కువ. నాయనగారే నన్ను అరుగుపై కూర్చుండబెట్టి భారతమును, కేతన విజ్ఞానేశ్వరీయమును చదివించిరి. చదువక వ్రాలు చేయుట వారు నాకు నేర్పలేదు. "వారము దినములు గడువిమ్ము, అన్నయ్యా" అంటిని. అతని ముఖము చిన్నబోయెను.

ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. కేతన తెనిగించిన మితాక్షరను విజ్ఞానేశ్వరుడు దాదాపు 900 ఏండ్ల క్రిందట చాళుక్యుల కల్యాణ నగరమున రచించెను. కుమారునకు పుట్టుకతోనే పిత్రార్జితమున పాలు కలదని చెప్పినది ఆ గ్రంథమే. కుమార్తెకు ఆ మాట చెప్పనిదియు నదియే. అయినను స్త్రీధన మనగా నగలును చీరలును మాత్రమే కాదనియు, వారసత్వమున వచ్చినదియు, కొనినదియు, పంపకమున వచ్చినదియు స్త్రీధనమే యనియు విశాలముగ నర్థము చెప్పినవాడును విజ్ఞానేశ్వరుడే. ఆంగ్లేయుల యేలుబడిలో లండనునందలి ప్రీవీ కౌన్సిలు ఆ యర్థమును కుదించెను. భర్తనుండి సంక్రమించిన భూమిని వితంతువు జీవితకాల మనుభవింపవచ్చును గాని, తన యిచ్చవచ్చినట్లు అమ్ముటకు వీలులేకపోయెను.

1937లో వచ్చిన శాసనము వితంతువునకు కుమారునితో సమానమైన పాలిచ్చెను, అదియు జీవితకాలమునకే. సేద్యపుభూమికి ఆ శాసనము వర్తింపదని 1941లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పెను. పల్లెటూరి కుటుంబమునకు భూమికంటె వేరు ఆస్తి యేమున్నది? మద్రాసు రాష్ట్రమున ఆ కొరత తీరుటకు 1947 దాక వేచియుండవలసి వచ్చెను. 1956నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ చేతనున్న ఆస్తిపై నామెకు సంపూర్ణాధికార మొసగెను. కాని పుట్టుకతో వచ్చు పాలు మాత్రము కుమారులకే నిలిచెను. 1985లో నాటి ఆంధ్రప్రదేశము ఆ పాలును కుమార్తెలకును ఇచ్చెను. అప్పటికే వివాహమైనవారికి మాత్రము లేదు. 2005లో దేశమంతటను, పెండ్లియైనను కాకున్నను, కుమార్తె కుమారునితో సమానురాలయ్యెను. ఆ దినమునకు తండ్రి జీవించియుండ నక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చెను.

తెల్లవారి మా వారు పలకపై లెక్క వేసిరి. నాయనగారు వీలునామా వ్రాయలేదు. నాలుగున్నర యకరములను మొదట నాయనగారికి, అన్నయ్యకు, నాకు మూడు పాళ్లు చేయవలెను, తలకు ఒకటిన్నర. నాయనగారి ఒకటిన్నర మరల అమ్మకు, అన్నయ్యకు, నాకు తలకు అరయకరము. వెరసి అన్నయ్యకు రెండు, నాకు రెండు, అమ్మకు అరయకరము. నా రెండెకరములకంటె అమ్మ అరయకరమే నన్ను కలచివేసెను. నలువదియేండ్లు ఆ మాగాణి కళ్లమున ధాన్యము తూర్పారపట్టిన యామెకు, ఆ దస్తావేజు ప్రకారము, నిలువ నీడయైనను మిగులదు.

వారము గడచిన పిమ్మట పుట్టినింటికి పోయి నా మాట చెప్పితిని. "నీ పెండ్లికి ఎంత వెచ్చించితిమో మరచితివా?" అని అన్నయ్య అడిగెను. వదినె లోపలికి పోయెను. పెండ్లివ్యయమువలన కుమార్తె పాలు తీరిపోవునని ఏ చట్టమునను లేదు. కాని ఆ ప్రశ్నకు చట్టముతో బదులు చెప్పిన ఎవరి మనసును చల్లబడదు. "నా రెండెకరములు నీవే సాగుచేయుము, ఏటేట ధర్మమని తోచిన కౌలు ఇమ్ము. అమ్మ అరయకరము మాత్రము అమ్మ పేరనే వ్రాయింపుము" అంటిని. అమ్మ స్తంభమునకు ఆనుకొని యేడ్చెను. "నాకెందుకే తల్లీ, పిల్లలు కలసియున్న చాలును" అనెను. నేనును ఏడ్చితిని, వ్రాలు మాత్రము చేయలేదు.

అన్నయ్య నాలుగు నెలలు మాటలాడలేదు. ఆ సంక్రాంతికి నాకు పుట్టినింటి పిలుపు రాలేదు. అటుపిమ్మట అమ్మ పేర పట్టాదారు పాసుపుస్తకము వచ్చెను. తెచ్చి యిచ్చినవాడు అన్నయ్యయే. అమ్మ దానిని భారతము పుటల నడుమ దాచుకొన్నది. నేను పోయినప్పుడెల్ల తీసి, తన పేరు గల పుటను నాచేత చదివించుకొనును.

సోదరీమణులారా, తోబుట్టువుమీది ప్రేమచే మీ పాలు వదలుకొనదలచితిరేని అది మీ యిష్టము, ఎవరును తప్పుపట్టరాదు. కాని మీకు గలదెంతయో ఎరిగి వదలుడు. మీ వెనుక నిలిచిన తల్లి పాలెంతయో అడిగి వదలుడు. కచేరి మెట్లెక్కకముందే, ఇంటిలో దీపము దగ్గర కూర్చుండి, ఆ కాగితమును మొదటినుండి తుదవరకు ఒక్కమారు చదువుకొనుడు.