ప్రింటర్ మొండికేస్తే తెరవాల్సిన లిస్టు



మా హాస్టల్లో కంప్యూటర్ ఒక్కటే. స్కాలర్‌షిప్ చివరి రోజున మా ఫారాలన్నీ ప్రింటర్ క్యూలో ఇరుక్కున్నాయి, డిలీట్ కొట్టినా పోవు. మెకానిక్ కోసం మండలానికి పోయొస్తే పొద్దుపోతది.

వార్డెన్ సార్ అడ్మిన్ లాగిన్ ఇచ్చారు. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లీషులో సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సి అని కొట్టాం. బారెడు లిస్టు! అందులో ప్రింట్ స్పూలర్‌ని స్టాప్ చేశాం. సి డ్రైవ్‌లో విండోస్, సిస్టం32, స్పూల్ దాటి ప్రింటర్స్ ఫోల్డర్ లోపలివి తీసేశాం (ఫోల్డర్‌ని కాదు). మళ్ళీ స్టార్ట్. ఫారాలు కొత్తగా ప్రింట్ కొడితే వచ్చేశాయి.

విండోస్ 10లో ఇలాంటివన్నీ అడ్మినిస్ట్రేటివ్ టూల్స్ అని ఒకచోటే ఉంటాయి. ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది మేమే మొదలు, మాకెవరు చూపిస్తారు? అందుకే రాస్తున్నాం. పక్కనున్న సర్వీసులు మాత్రం తెలియకుండా ఆపకండి, కంప్యూటర్ మొరాయిస్తది.