గ్రీన్‌కార్డు ఫారంలో ఎర్రజెండా

అమెరికాలో ఉంటూ గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టుకునేవారు ఐ-485 అనే ఫారం నింపాలి. ఉగ్రవాదం, గూఢచర్యం, మారణహోమం గురించి ఆరా తీసే ప్రశ్నల వరసలోనే అందులో ఇంకో ప్రశ్న ఉంటుంది: అమెరికాలో గానీ బయట గానీ ఏ కమ్యూనిస్టు పార్టీలోనైనా, నిరంకుశ పార్టీలోనైనా ఎప్పుడైనా సభ్యులుగా ఉన్నారా, దానితో ఏ రకమైన సంబంధమైనా ఉందా? జవాబుకు రెండే గళ్లు: అవును, కాదు. కొన్నేళ్ల తర్వాత పౌరసత్వం కోసం నింపే ఎన్-400లోనూ అదే ప్రశ్న. అక్కడ అధికారి ప్రమాణం చేయించి మరీ నోటితో అడుగుతాడు.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి వెళ్లినవారికి ఈ రెండు గళ్లు చాలవు. ఆదోని పత్తి ఊరు. మార్కెట్ యార్డులో బోరాలు మోసే హమాలీకి, జిన్నింగ్ మిల్లులో పనిచేసే ఆడకూలీకి సంఘమంటే చాలాసార్లు ఎర్రజెండా సంఘమే. అది ఏఐటీయూసీ అయినా కావచ్చు, సీఐటీయూ అయినా కావచ్చు. వానలు మొహం చాటేసిన ఏడు కోసిగి, మంత్రాలయం పల్లెలు ఇళ్లకు తాళాలేసి, పిల్లాజెల్లాతో గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోతాయి. ఊళ్లోనే పని చూపించండని ఆర్డీవో ఆఫీసు ముందు టెంటు వేసి కూర్చునేవాళ్లలో ఆ జెండాలవాళ్లు తప్పకుండా ఉంటారు. ఓట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే జనం వేరే గుర్తు చూసుకుంటారు. మే డే నాడు జెండా కట్టిన చేతులే మహాయోగి లక్ష్మమ్మవ్వ తేరు లాగుతాయి. మార్క్సు ఒప్పుకునేవాడా అన్న సందేహం అక్కడ ఎవరికీ రాదు.

హాస్టల్లో నీళ్ల చారు మీద కోపంతో, స్కాలర్‌షిప్పు రాలేదన్న బాధతో ఎస్‌ఎఫ్‌ఐ, ఏఐఎస్‌ఎఫ్, పీడీఎస్‌యూ జెండాల కింద కూర్చున్న కుర్రాళ్లలో కొందరు ఇప్పుడు డల్లాస్‌లో కోడ్ రాస్తున్నారు. అప్పుడు చందా ఇచ్చి తీసుకున్న రశీదు ఎప్పుడో పోయింది. ఏ రకమైన సంబంధమైనా అన్న మాట ఆ రశీదును మళ్లీ వెతికిస్తుంది. విద్యార్థి సంఘం పార్టీకి అనుబంధమా, కాదా? కాగితం మీద కాదు. ఊళ్లో ఎవరినడిగినా అవుననే అంటారు.

విదేశీయుల రాజకీయాలను అమెరికా ఆరా తీయడం కమ్యూనిస్టులతో మొదలు కాలేదు. 1901లో అధ్యక్షుడు మెకిన్లీ హత్య జరిగాక 1903లో అరాచకవాదులను దేశంలోకి రానివ్వకుండా చట్టం చేశారు. ఆ రోజుల్లోనే, 1912లో, కనిగిరి నుంచి దరిశి చెంచయ్య చదువుకోసం కాలిఫోర్నియా వెళ్లాడు. బర్క్‌లీలో చదువుతూ, బ్రిటిష్ పాలనను కూలదోయాలని 1913లో పుట్టిన గదర్ పార్టీలో చేరాడు. ఆ పార్టీ నాయకుడు లాలా హరదయాళ్‌ను 1914లో అరాచకవాదిగా అరెస్టు చేస్తే, ఆయన జామీను మీద బయటికి వచ్చి దేశం దాటిపోయాడు. చెంచయ్య తిరుగుబాటు పనిమీద ఆసియాకు వచ్చి బ్రిటిష్‌వారికి చిక్కి ఏళ్ల తరబడి జైళ్లలో ఉన్నాడు. ఆయన ఆత్మకథ ‘నేనూ–నా దేశం’ ప్రవాసాంధ్రుల పుస్తకాల అరల్లో ఉండాల్సినంతగా లేదు. అమెరికా వెళ్లిన తొలితరం తెలుగువారిలో ఒకడు విప్లవకారుడన్న సంగతి డాలర్ల కథల కింద పడి నలిగిపోయింది.

ఇప్పటి ప్రశ్నకు మూలం 1952 నాటి మెకారన్–వాల్టర్ చట్టం. అధ్యక్షుడు ట్రూమన్ వీటో చేసినా కాంగ్రెస్ దాన్ని నెగ్గించుకుంది. ఆ ఏడాదే మద్రాసు శాసనసభ ఎన్నికల్లో కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి జైల్లో ఉండి అనంతపురంలో పోటీచేసి, స్వయానా బావ అయిన నీలం సంజీవరెడ్డిని ఓడించాడు. ఆదోని అప్పటికి బళ్లారి జిల్లాలో ఉంది. మరుసటేడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలో కలిసింది. 1955 ఎన్నికల్లో ఆ రాష్ట్రంలో కమ్యూనిస్టులకు మూడోవంతుకు దగ్గరగా ఓట్లు పడ్డాయి, సీట్లు మాత్రం 15. ఓడిపోయినవాళ్లు కర్నూలు అసెంబ్లీలో ప్రతిపక్షంలో కూర్చున్నారు. 1957లో కేరళలో గెలిచి ప్రభుత్వమే నడిపారు. సీపీఎం నేటికీ ఎన్నికల సంఘం గుర్తించిన జాతీయ పార్టీ. జైలునుంచి బ్యాలెట్‌లోకి, బ్యాలెట్‌నుంచి ప్రతిపక్షంలోకి నడిచిన ఈ చరిత్ర ఆ ఫారానికి అక్కర్లేదు. దానికి నాగిరెడ్డీ స్టాలినూ ఒకే గడిలో పడతారు.

1990లో చట్టాన్ని సడలించారు. విద్యార్థులకు, సందర్శకులకు, హెచ్-1బీ మీద వచ్చేవారికి పార్టీ సభ్యత్వం అడ్డు కాకుండా పోయింది. శాశ్వతంగా ఉండిపోదామనుకునేవారికి మాత్రం అడ్డు మిగిలింది. చెమట కావాలి, మనిషి వద్దు అన్నట్టుంటుంది ఆ ఏర్పాటు. మినహాయింపులు లేకపోలేదు. పదహారేళ్లు నిండకముందు మాత్రమే సభ్యులుగా ఉన్నా, బలవంతం మీద చేరినా, ఉద్యోగం కోసమో తిండిగింజల కోసమో చేరినా ఆ సభ్యత్వాన్ని పట్టించుకోరు. దరఖాస్తుకు కనీసం రెండేళ్ల ముందే పార్టీ వదిలేసినా సరే. ఆ పార్టీ ఒక నిరంకుశ రాజ్యాన్ని ఏలుతున్నదైతే రెండేళ్లు ఐదేళ్లవుతాయి.

తిండిగింజల మినహాయింపుతో ముడిపడ్డ ఓ మనిషి కథ ఉంది. రోవోల్ట్ అనే జర్మన్ వలసదారు 1935లో, మాంద్యం రోజుల్లో, కొంతకాలం పార్టీలో ఉన్నాడు. పార్టీ పుస్తకాల దుకాణంలో పనిచేశాడు. తిండికీ బట్టకీ జరగాలనే చేరానని అధికారులకు చెప్పుకున్నాడు. అతనిది అర్థవంతమైన సంబంధం కాదని 1957లో సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో తేల్చింది. తీర్పు దయగలదే. దాన్నిబట్టి చూస్తే యార్డు హమాలీ గట్టెక్కుతాడు. కూలిరేటు కోసం చేరాడు కాబట్టి అతనిది కడుపు సంబంధం. పుస్తకాలు చదివి, నమ్మి, ఏ లాభమూ చూసుకోకుండా చేరిన కుర్రాడే ఇరుక్కుంటాడు. అవసరానికి చేరినవాడికి మన్నింపు, నమ్మి చేరినవాడికి అనుమానం! ఆదోనిలో ఈ రెంటినీ ఎవరూ విడదీయలేరు. కడుపు కోసం చేరినవాడు నాలుగు సభలకు పోయి నమ్మకం పెంచుకుంటాడు. నమ్మి చేరినవాడు నాలుగేళ్లకు కౌలు రైతు అప్పుల లెక్కలు రాస్తూ ఉంటాడు.

ఇంకో తిరకాసూ ఉంది. పాత సభ్యత్వాన్ని ఒప్పుకుంటే గండం చాలాసార్లు గడుస్తుంది. దాచిపెట్టి దొరికితే అది మోసం కిందికి వస్తుంది, దానికి జీవితకాల నిషేధం ఉంది. అయినా తెలుగు మిత్రబృందాల్లో వినిపించే సలహా ‘కాదు అని కొట్టేయ్, మనకెందుకు’ అనే. ప్రభుత్వ హాస్టల్లో తిని, ప్రభుత్వ కాలేజీలో చదివి, అక్కడికి చేరాక సంక్షేమం దండగ అనేవారికి ఆ బృందాల్లో కొదవలేదు. అమెరికా వామపక్షం గిట్టని సంప్రదాయ దేశమంటారు గానీ, వామపక్ష అభిమానికి అసలు సంప్రదాయ దేశం వాషింగ్టన్ కాదు, శనివారం రాత్రి విందులో పక్క కుర్చీ. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవారు సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాల్సి రావడంతో, శ్రీశ్రీ బొమ్మ పెట్టుకోవడానికి కూడా జంకు పుట్టింది.

ఇంత అనుమానం ఉన్న దేశమే మే డేకు పుట్టిల్లు కావడం దాని గొప్పా, దాని విడ్డూరమూ. ఎనిమిది గంటల పనిదినం కోసం 1886 మేలో షికాగోలో సమ్మె జరిగింది. హేమార్కెట్ బాంబు కేసులో ఉరికంబం ఎక్కినవారి సమాధుల దగ్గర 1893లో కట్టిన స్మారకం ఫారెస్ట్ పార్క్‌లో ఉంది. 1997లో ప్రభుత్వమే దాన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించింది. అదే ప్రభుత్వం మే 1ని విధేయతా దినంగా ప్రకటించి, కార్మికుల సెలవును సెప్టెంబరులో ఉంచింది. ఎమ్మిగనూరు మగ్గాల వీధుల్లో తెలిసిన షికాగో పేరు షికాగో శివార్లలో కాపురముంటున్న తెలుగువారికి మే డే రోజున గుర్తురాదు. అయితే సోషలిస్టునని చెప్పుకుని గెలిచిన క్షమా సావంత్ చొరవతో సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధించింది. కులం పేరెత్తడానికి తెలుగు సంఘాలు తటపటాయిస్తున్న రోజుల్లో ఆ పని చేసింది ఆ ‘సంప్రదాయ’ దేశపు నగరమే.

పౌరసత్వం దగ్గర లెక్క మరింత కఠినం. అక్కడ వెనక్కి పదేళ్లు చూస్తారు. పౌరసత్వం చేతికొచ్చాకా వెంటనే స్వేచ్ఛ రాదు. తర్వాతి ఐదేళ్లలో అలాంటి పార్టీలో చేరితే, పౌరసత్వం తీసుకునేనాటికే రాజ్యాంగ సూత్రాలకు కట్టుబడి లేరనడానికి దాన్ని సాక్ష్యంగా తీసుకుని పౌరసత్వం రద్దుకు కేసు పెట్టే వీలు చట్టంలో ఉంది. ఆ ఐదేళ్లు దాటాక 1919లో పుట్టి ఇప్పటికీ నడుస్తున్న అమెరికా కమ్యూనిస్టు పార్టీలో చేరినా అడిగేవారుండరు.