అద్దాల పెట్టెలో గ్లాక్ 19

సెకండ్ హ్యాండ్ పిస్టల్ కొనడంలో తప్పేమీ లేదు. టెక్సస్‌లో చాలా ఏళ్లుగా రేంజ్‌కి వెళ్లి కాలుస్తున్నవాణ్ణి కాబట్టి ఈ మాట ధైర్యంగానే అంటాను. చూసి తీసుకుంటే పాతది కొత్తదానికి ఏమాత్రం తీసిపోదు. పోలీసులు వాడి వదిలినవైతే మరీ నయం. ఇక్కడి పోలీసు శాఖలు కొన్నేళ్లకోసారి పాత పిస్టళ్లు డీలర్లకిచ్చేసి, ఆ విలువ మినహాయించుకుని కొత్తవి తెచ్చుకుంటాయి. అలా వచ్చినవాటిని ట్రేడ్-ఇన్‌లంటారు. ఏళ్ల తరబడి హోల్‌స్టర్‌లో దూరుతూ, కారు సీటు బెల్టుకు రాసుకుంటూ ఉండడంవల్ల పైపూత పోయి, అంచులు తెల్లబడి ఉంటాయి. లోపల మాత్రం పెద్దగా అరుగుదల కనిపించదు. అర్హత పరీక్షలప్పుడు తప్ప వాటిని పేల్చే పోలీసులు తక్కువ.

మా బావకి, అంటే మా చెల్లెలి భర్తకి, డల్లాస్‌కి గంటన్నర దూరంలో చిన్న ఊళ్లో గ్యాస్ స్టేషన్ ఉంది. అక్కడి గన్ స్టోర్‌లో ట్రేడ్-ఇన్ గ్లాక్ 19 ఒకటి నాలుగొందల డాలర్ల లోపే ఉందనీ, వచ్చి చూసిపెట్టమనీ ఫోన్ చేశాడు. "నువ్వు సరేనంటే తీసేసుకుంటాను బావా" అన్నాడు. బావకీ చెల్లెలికీ గ్రీన్‌కార్డుంది. చట్టం ప్రకారం అడ్డేమీ లేదు. ఫారం 4473 నింపి సంతకం పెడితే, 1998 నుంచి నడుస్తున్న జాతీయ తనిఖీ వ్యవస్థలో పేరు సరిచూస్తారు. చాలాసార్లు నిమిషాల్లోనే జవాబొస్తుంది. మన ఇండియాలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు రావడమే గగనం. వచ్చినా 9 ఎం.ఎం. మామూలు మనిషికి నిషిద్ధం, పాయింట్ 32తో సరిపెట్టుకోవాలి. ఎన్నికలొస్తే దాన్ని కూడా పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి రమ్మంటారు. అక్కడ పెరిగిన మాకు, అద్దం కింద ధర చీటీలతో వరసగా పేర్చిన పిస్టళ్లు ఎన్నిసార్లు చూసినా మామూలు సంగతిగా అనిపించవు. అనిపించకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

గ్లాక్ 19ని ఎంచుకోవడంలో మాత్రం బావని తప్పుపట్టలేను. కర్టెన్ రాడ్లూ, సైనికుల కత్తులూ చేసుకునే గాస్టన్ గ్లాక్ అనే ఆస్ట్రియా దేశస్థుడు తయారుచేసిన గ్లాక్ 17ను ఆ దేశపు సైన్యం 1982లో తీసుకుంది. దాన్నే కాస్త కుదించి 1988లో 19 తెచ్చారు. నాలుగంగుళాల గొట్టం, పదిహేను తూటాల మ్యాగజీన్, ఖాళీగా ఉంటే ఆరువందల గ్రాముల చిల్లర బరువు. చేతినిండా పట్టుకోవచ్చు, చొక్కా కింద దాచుకోవచ్చు. కాంపాక్ట్ అంటే ఇదీ అని తర్వాత వచ్చినవాళ్లంతా దీన్నే కొలతగా పెట్టుకున్నారు. బావ చూసింది నాలుగో తరానిది, 2010 నుంచి వచ్చిన రకం.

కౌంటర్ దగ్గర కుర్రాడు మ్యాగజీన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి ఆపి, ఖాళీ చాంబర్ చూపించాకే నా చేతికిచ్చాడు. నేనూ మళ్లీ చూశాను, చిటికెనవేలు పెట్టి తడిమాను. చేతులు మారినప్పుడల్లా ఇది చెయ్యాల్సిందే. విప్పొచ్చా అని అడిగితే రబ్బరు చాప పరిచాడు. గ్లాక్‌ని విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. లోపల తూటా మిగిలిందేమో చూసుకోకుండా నొక్కి, గోడలోకో సొంత కాల్లోకో పేల్చుకున్నవాళ్లలో ఆరితేరిన పోలీసులు కూడా ఉన్నారు. అందుకే మళ్లీ ఒకసారి చాంబర్ చూసి, మనుషుల్లేని వైపు తిప్పి నొక్కాను. స్లైడ్, గొట్టం, స్ప్రింగు, ఫ్రేము అని నాలుగు ముక్కలుగా ఊడొచ్చింది.

గొట్టంలోకి ఫోన్ లైటు వేసి చూశాను. ఎప్పుడైనా ఒక తూటా మధ్యలో ఇరుక్కున్నప్పుడు వెనక ఇంకోటి పేలి ఉంటే, ఆ చోట గొట్టం ఉబ్బి లోపల నల్లటి వలయం కనిపిస్తుంది. ఇందులో అలాంటిదేమీ లేదు. ఖాళీ తొడుగును పట్టి లాగే చిన్న కొక్కెం అంచు విరగలేదు. ఫ్రేము ప్లాస్టిక్‌లోంచి పైకి తేలిన ఉక్కు పట్టాలు నాలుగు, వాటిమీదే స్లైడ్ ముందుకీ వెనక్కీ పరిగెడుతుంది, వాటిలో పగులు లేదు. ఫ్రేము మీదా స్లైడ్ మీదా గొట్టం మీదా ఒకటే నంబరు. మళ్లీ బిగించి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, మూతిని ఏటవాలుగా పైకెత్తి, స్లైడ్‌ని వెనక్కి లాగి నెమ్మదిగా వదిలాను. స్ప్రింగు బాగుంటే స్లైడ్ తనంతట తాను పూర్తిగా మూసుకోవాలి. ఇది చివర వెంట్రుకవాసిలో ఆగిపోయింది. స్ప్రింగు అలిసిందన్నమాట. కొత్తది పాతిక, ముప్ఫై డాలర్లకు దొరుకుతుంది, దానికోసం బేరం వదులుకోనక్కర్లేదు. వదులుకోవాల్సింది ట్రిగ్గర్ తేలిగ్గా ఉండాలని ఎవరో ఇంట్లో కూర్చుని అరగదీసిన పిస్టల్‌ని. ఇది అలాంటిది కాదు, ఫ్యాక్టరీలో వేసిన ముక్కలే ఉన్నాయి.

గురిచుక్కల్ని చూడ్డానికి కౌంటర్ కిందకి వంగి, రెండు అరచేతులూ కప్పి లోపలికి తొంగి చూశాను. చీకట్లో వెలిగేందుకు వాటిలో ట్రిటియం వాయువు నింపుతారు. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు. ముందు చుక్క పల్చటి పచ్చవెలుగుతో కనిపించింది. వెనక రెండూ దాదాపు ఆరిపోయాయి. పిస్టల్ ఎన్నేళ్లు కొలువు చేసిందో దాన్నిబట్టి అంచనా వెయ్యొచ్చు. ధర తగ్గించమని అడగడానికీ ఆధారమే. అడిగితే కుర్రాడు పాతిక డాలర్లు తగ్గించాడు కూడా.

బావ పర్సు తీశాడు. కాఫీ తాగొద్దాం రమ్మని బయటికి తీసుకొచ్చాను.

అతనికెందుకు కావాలో నాకు తెలుసు. పక్క ఊళ్లో ఒక గ్యాస్ స్టేషన్‌ని రాత్రిపూట దోచుకున్నారు. కౌంటర్ వెనక నిలబడి తూటాలకు బలైన తెలుగు పిల్లల గురించి మనవాళ్ల గ్రూపుల్లో తరచూ చదువుతూనే ఉన్నాం. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతలో శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినప్పుడు మొదలైంది ఇక్కడి తెలుగు ఇళ్లలో ఈ చర్చ. 2023 మే నెలలో డల్లాస్ పక్కన ఆలెన్‌లోని మాల్‌లో జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు, వాళ్లలో ఒక తెలుగమ్మాయి ఉంది. ఆ మాల్‌కి మేమంతా బట్టలకి వెళ్తుంటాం. భయం ఊరికే పుట్టింది కాదు. భయపడకు అని బావకి చెప్పే అర్హత నాకు లేదు, ఎవరికీ లేదు. కాకపోతే ఒలేతలో హంతకుడికి అడ్డం వెళ్లి తూటా తిన్న మనిషి చేతిలో ఏ ఆయుధమూ లేదనీ, ఆలెన్‌లో హంతకుణ్ణి ఆపింది వేరే పనిమీద అక్కడికొచ్చిన పోలీసు అధికారి అనీ కూడా గుర్తుపెట్టుకుంటాను.

కాఫీ దగ్గర నేనడిగింది ఒకటే. "రోజంతా అదెక్కడుంటుంది బావా?"

పొద్దున్నే అమ్మాయిని స్కూల్లో దింపుతాడు. 2021 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో ఇరవై ఒకటి నిండి, చట్టం అడ్డు లేనివాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట తీసుకెళ్లొచ్చు. అయితే స్కూలుకి వెయ్యి అడుగుల లోపు, ఖాళీ చేసి తాళం వేసిన పెట్టెలో పెడితే తప్ప, తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. లైసెన్సు లేకుండా కార్ లైన్‌లో నిలబడితే, రాష్ట్రం ఒప్పుకున్నదే ఫెడరల్ నేరమవుతుంది. బావకి ఈ సంగతి తెలియదు. తెలిసినవాళ్లు నాకూ తక్కువమందే తగిలారు.

శనివారం గుడి. అక్కడ చెప్పులు విప్పి నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. నడుముకి కుడిపక్క పెట్టుకున్న పిస్టల్ అలా కూర్చున్నవాడి పొట్టలో గుచ్చుకుంటుంది, తీర్థానికి వంగితే లాల్చీ మీద దాని ఆకారం పొడుచుకొస్తుంది. ఎవరింట్లోనైనా వ్రతమంటే ఎదురొచ్చిన ప్రతి పిల్లా నడుము చుట్టేసుకుంటుంది. రెస్ట్‌రూమ్‌కి వెళ్తే దాన్ని ఎక్కడ పెట్టాలో ముందే అనుకుని ఉండాలి. పబ్లిక్ రెస్ట్‌రూముల్లో మర్చిపోయిన పిస్టళ్ల వార్తలు ఇక్కడ కొత్త కాదు. ఇవన్నీ పడలేక కార్లో వదిలేస్తారు. దొంగలకి తుపాకులు దొరికే పెద్ద చోటు ఆ కార్లే. తూటాలతో కలిపి ఎనిమిదొందల గ్రాములు దాటే బరువును రోజూ ఒంటిమీద ఉంచుకోవడానికి గట్టి బెల్టు కావాలి, ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ కావాలి. నెలనెలా రేంజ్‌కి వెళ్లడానికి తీరిక కావాలి. స్టేషన్‌లో పద్నాలుగు గంటలు నిలబడేవాడికి ఆ తీరిక ఎక్కడిది?

"కౌంటర్ కింద పెట్టుకుంటాను, ఇంటికి తెచ్చుకుంటాను. మోసుకు తిరగను" అన్నాడు బావ. అంటే మాట ఇంటిదాకా వచ్చింది. ఆ ఇంటి గురించి నాకు తెలుసు.

బావ తమ్ముడు హెచ్-1బీ మీద వచ్చి వాళ్ల దగ్గరే ఉంటున్నాడు. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని 1998లో చట్టం చేశారు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, అతనికి ఆ లైసెన్సు లేదు. అంటే సేఫ్ తాళం అతనికి అందకూడదు. ఎండాకాలంలో విజిటర్ వీసా మీద వచ్చే బావ అమ్మానాన్నలకీ అంతే. ఇంటిపెద్ద గ్రీన్‌కార్డు ఇంటిల్లిపాదికీ వర్తించదు. అన్న తెరిచి పెట్టిన డ్రాయర్ వల్ల తమ్ముడి వీసాకి ముప్పు రావచ్చని మనవాళ్లు చాలామంది ఊహించను కూడా ఊహించరు.

ఇవన్నీ సర్దుకోదగ్గవే. సర్దుకోలేనిది ఇంకోటుంది. మా మేనల్లుడికి పదిహేనేళ్లు. నిరుడు ఊరు మారినప్పటినుంచి స్నేహితులు దూరమయ్యారు. సాకర్ మానేశాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదంటాడు, రాత్రి రెండింటికి వాడి గదిలో లైటు వెలుగుతుంటుంది. చెల్లెలు ఈ సంగతులు నాకు చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెబుతోంది. పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి తూటాలున్న తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సస్‌లో నేరమే. సేఫ్ కొంటానంటాడు బావ. కానీ వైఫై పాస్‌వర్డ్ నుంచి గ్యారేజీ తలుపు కోడ్ దాకా, ఆ ఇంట్లో ఏ పరికరం కొన్నా పెట్టె విప్పి పనిచేయించేది వాడే. వేలిముద్రతో తెరుచుకునే సేఫ్ వస్తే సూచనలు చదివి తండ్రి వేలిముద్ర ఎక్కించేది కూడా వాడే అవుతాడు.

2021లో అమెరికాలో తూటాలకు 48,830 మంది చనిపోయారని అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. అందులో 26,328 మందివి ఆత్మహత్యలు. దొంగల చేతుల్లోనో ఉన్మాదుల చేతుల్లోనో పోయినవాళ్లకంటే ఇంట్లో ఉన్న తుపాకీతో తమను తాము కాల్చుకున్నవాళ్లే ఎక్కువ అన్న నిజం మన కబుర్లలోకి రాదు. స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు కాలిఫోర్నియాలో రెండున్నర కోట్లమందికి పైగా జనం వివరాలు పన్నెండేళ్లకు తీసి 2020లో ప్రచురించారు. చేతి తుపాకీ ఉన్న మగవాళ్లు, లేనివాళ్లకంటే దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువగా తుపాకీతో ఆత్మహత్య చేసుకున్నారు. ఆడవాళ్లలో అది ముప్ఫై అయిదు రెట్లు. ఒకసారి ప్రయత్నించి బతికిబయటపడ్డవాళ్లలో అత్యధికులు ఆ తర్వాత ఆత్మహత్యతో పోవడం లేదని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. ఆ గడ్డురోజు దాటితే చాలు. తుపాకీ దగ్గరుంటే దాటడానికి వ్యవధి ఉండదు.

కౌంటర్ మీద పావుగంట పట్టింది పిస్టల్‌ని పరీక్షించడానికి. అక్కడ అది నెగ్గింది. నాకు గొట్టంలో ఏ మచ్చా కనిపించలేదు. అయినా బావతో కొనొద్దనే అన్నాను. కారణం చెప్పకుండా తప్పించుకోవడం ఇష్టంలేక, పిల్లాడి పేరెత్తి మరీ చెప్పాను. బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీ చెల్లెలు కూడా ఇదే అంది. నువ్వొస్తే ఒప్పిస్తావనుకున్నాను" అన్నాడు. సాయంత్రం ఇంటికెళ్లాక చెల్లెలు, "వాడు కుదుటపడేదాకా ఆగమను అన్నయ్యా, తర్వాత నేనే కొనిస్తాను" అంది.

ఇప్పుడు స్టేషన్ రాత్రి పదింటికే మూసేస్తున్నారు. గల్లాపెట్టెలో వంద డాలర్లకు మించి ఉంచడం లేదు, మిగతాది ఎప్పటికప్పుడు నేలకి బిగించిన డ్రాప్ సేఫ్‌లో పడుతోంది. ఆ సంగతి తలుపు మీద పెద్దక్షరాలతో రాసి అంటించారు. పిల్లాణ్ణి వారానికోసారి కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్తున్నారు. ఈమధ్య రెండు శనివారాలు మైదానానికి కూడా వెళ్లాడట. తుపాకీ తర్వాతైనా సరే, చట్టం ముందే తెలియాలని బావ లైసెన్సు క్లాసుకి పేరిచ్చాడు. నలభై డాలర్ల దరఖాస్తు రుసుము, నాలుగు నుంచి ఆరు గంటల పాఠం, చివర కాల్పుల పరీక్ష. పరీక్షకి నా పిస్టల్ ఇస్తానన్నాను. చెల్లెలు కూడా అదే బ్యాచ్‌లో చేరింది.