కాయ దక్కాలి, గబ్బిలం బతకాలి

మన తెలుగువాళ్లు ఒకప్పుడు చెరకు తోటల్లో కూలికెళ్లి స్థిరపడిన మారిషస్ దీవిలో, పళ్లు తిని బతికే పెద్ద గబ్బిలం ఒకటుంది. శాస్త్రంలో దాని పేరు టెరోపస్ నైగర్. లిచీ, మామిడి తోటల్ని పాడుచేస్తోందని 2015లో అక్కడి ప్రభుత్వం సుమారు 30 వేల గబ్బిలాల్ని చంపించింది.

రైతు బిడ్డను గనక ఆ రైతుల కడుపుమంట నాకర్థమవుతుంది. ఏడాది కష్టం రాత్రికి రాత్రి నేలరాలితే అప్పులవాడు ఆగుతాడా? కాని అక్కడి అడవిచెట్ల విత్తనాల్ని దూరాలకు మోసేదీ ఆ జీవే. డోడో పక్షిని పోగొట్టుకున్న దీవి అది! ఏడాదికి ఒక్క పిల్లను కనే జాతి అన్ని చావుల్ని తట్టుకుంటుందా? 2018లో దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చారు.

చెట్టుకు వల బిగించి కప్పితే కాయా దక్కుతుంది, గబ్బిలమూ బతుకుతుంది. అక్కడ వలలకు సబ్సిడీ కూడా ఇచ్చారు. మిత్రులారా, తుపాకికన్నా అదే సరైన దారి. అడవి అందరిదీ అన్నప్పుడు వల ఖర్చు రైతు ఒక్కడి నెత్తిన వెయ్యడం న్యాయం కాదు.